‘శ్రుతి’కి ఏ అర్థానికి ఏ పర్యాయపదం?

సంగీతం నేర్చుకునే పిల్లల కోసం చిన్న పదకోశం కూరుస్తున్నాం. ‘శ్రుతి’ దగ్గర బండి ఆగింది. చెవి, వేదం అనే అర్థాలతో ఇబ్బంది లేదు. చిక్కంతా సంగీతంలోనే.

‘మీది ఎన్నో శ్రుతి?’ అంటే ఆధార షడ్జం, అంటే పాటకు ఆధారంగా పెట్టుకున్న ‘స’, ఏ మెట్టు మీద ఉందని. హార్మోనియంలో తెల్ల మెట్లు ఒకటి నుంచి ఏడు, నల్లవి అరలు: ఒకటిన్నర, రెండున్నర, నాలుగున్నర, ఐదున్నర, ఆరున్నర. మూడుకీ నాలుక్కీ మధ్య నల్ల మెట్టు లేదు కాబట్టి మూడున్నర ఉండదు. ‘శ్రుతి వెయ్యి’ అంటే మాత్రం తంబురానో శ్రుతిపెట్టెనో మోగించమని. ‘వీణ శ్రుతి చెయ్యి’ అంటే బిరడాలు తిప్పి తీగలు సరిచేయమని. ఇక శాస్త్రంలోని 22 శ్రుతులు స్వరాల నడుమ సూక్ష్మ అంతరాలు. వీటికీ పై మూడింటికీ ముడిపెడితే పిల్లలు తికమకపడతారు.

కొందరు ‘స్థాయి’ని పర్యాయపదంగా రాస్తున్నారు. అది తప్పనే మా అభిప్రాయం: మంద్రం (కింది), మధ్యం (నడిమి), తారం (పై) స్థాయిలు, మూడింట్లో పాడినా శ్రుతి మారదు. ‘నాదం’ మరీ విశాలం.

తెలిసినవారు చెప్పండి:
‘మీది ఎన్నో శ్రుతి?’లోని అర్థానికి ‘ఆధార షడ్జం’ కంటే చిన్న మాట వాడుకలో ఉందా? నాదస్వర, హరికథ బృందాల్లో ఏమంటారు?
‘శ్రుతిమించి రాగాన పడటం’, పత్రికల్లో ‘వేడుకలో అపశ్రుతి’ లాంటివి ఇదే పదం కింద ఇవ్వాలా, జాతీయాలుగా విడిగానా?