విండోస్ 10 కంప్యూటర్లను లినక్స్‌కు మారిస్తే ఆటలు ఆడించగలమా?

ప్రశ్న (అనంతపురం నుండి)

అందరికీ నమస్కారం. అనంతపురంలో కళాశాల విద్యార్థులు ఎక్కువగా తిరిగే వీధిలో నేను చిన్న నెట్ సెంటర్ నడుపుతున్నాను. పగలంతా దరఖాస్తులు నింపడం, హాల్ టికెట్లు తీసి ఇవ్వడం వంటి పనులు సాగుతాయి. సాయంత్రమయ్యాక వచ్చేవారిలో చాలామంది ఆటల కోసమే వస్తారు. నా దగ్గరున్న కంప్యూటర్లలో ఎక్కువ భాగం ఇంటెల్ ఏడవ తరం ప్రాసెసర్లవి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 చూస్తే, ఎనిమిదవ తరానికి ముందువైన ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపు దేనినీ అధికారికంగా అంగీకరించడం లేదు. చక్కగా పనిచేస్తున్న యంత్రాలను ఈ ఒక్క కారణంతో పాత సామాను కింద అమ్మేయడానికి నాకు మనసు రావడం లేదు. అన్నింటినీ ఒకేసారి మార్చే స్తోమత కూడా లేదు.

పిల్లలు ఎక్కువగా అడిగేవి జీటీఏ 5, కౌంటర్ స్ట్రైక్ 2, వాలరెంట్. నాలుగు కంప్యూటర్లలో ఎన్విడియా జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డులు ఉన్నాయి, మిగిలినవాటిలో జీటీ 710 ఉంది. నేను చదువుకునే రోజుల్లో, విండోస్‌కు బదులు వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్‌లో ఒక రకమైన ఉబుంటులో ఆటలంటే నాలుగైదు చిన్న ఆటలే దొరికేవి. ఇప్పుడు పరిస్థితి పూర్తిగా మారిందని అంటున్నారు. అది ఎంతవరకు నిజం? రాబోయే నాలుగైదేళ్లకు లినక్స్‌ను నమ్ముకుని నా వ్యాపారాన్ని నడపవచ్చా? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు 1 (కర్నూలు నుండి)

అన్నగారూ, పరిస్థితి మారిన మాట నిజమే. అయితే ఎక్కడ మారిందో, ఎక్కడ మారలేదో విడదీసి చూస్తేనే మీరు నిర్ణయం తీసుకోగలుగుతారు.

విండోస్ కోసం రాసిన ప్రోగ్రాములను లినక్స్‌లో నడిపే వైన్ అనే ప్రాజెక్టు 1993లోనే మొదలైంది. పాతకాలపు కచేరీల్లో దుబాసీ చేసిన పనినే అది చేస్తుంది: ఆట విండోస్‌ను ఉద్దేశించి అడిగే ప్రతి కోరికనూ లినక్స్‌కు అర్థమయ్యే విధంగా మార్చి అందిస్తుంది. ఆట కోడ్ మాత్రం మీ ప్రాసెసర్ మీద నేరుగానే నడుస్తుంది కనుక వేగం పెద్దగా తగ్గదు. అసలు చిక్కు చాలాకాలం గ్రాఫిక్స్ దగ్గర ఉండేది. విండోస్ ఆటల్లో అత్యధికం మైక్రోసాఫ్ట్ వారి డైరెక్ట్‌ఎక్స్‌ను వాడతాయి, అది లినక్స్‌లో లేదు. 2016లో వల్కన్ అనే ఉమ్మడి గ్రాఫిక్స్ ప్రమాణం వచ్చాక, డైరెక్ట్‌ఎక్స్‌కు ఆట ఇచ్చే ఆదేశాలను వల్కన్‌లోకి మార్చే డీఎక్స్‌వీకే అనే ప్రోగ్రాము తయారైంది. ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌ను నడిపే వాల్వ్ సంస్థ వైన్‌నూ డీఎక్స్‌వీకేనూ కలిపి, 2018 ఆగస్టులో ప్రోటాన్ పేరుతో నేరుగా స్టీమ్‌లోనే అందించింది. ఆ తరువాత క్రమంగా, ఒంటరిగా ఆడే ఆటల్లో చాలావాటి విషయంలో లినక్స్ వాడేవారు పెద్దగా ఆలోచించవలసిన అవసరం లేకుండా పోయింది. కొనడం, ఇన్‌స్టాల్ చేయడం, ఆడటం, అంతే.

వాల్వ్ ఇంత శ్రద్ధ పెట్టడానికి కారణం ఉంది. 2015లో ఆ సంస్థ స్టీమ్ మెషీన్ల పేరుతో లినక్స్ పెట్టెలను మార్కెట్లోకి తెచ్చింది. ఆటల కంపెనీలు తమ ఆటలను లినక్స్ కోసం ప్రత్యేకంగా తయారు చేస్తాయన్న ఆశ మీద ఆ ప్రయత్నం ఆధారపడింది. కంపెనీలు ముందుకు రాలేదు, పెట్టెలు అమ్ముడుపోలేదు. ప్రోటాన్ ఆ ఎదురుచూపునే తీసివేసింది. 2022 ఫిబ్రవరిలో వచ్చిన, చేతిలో పట్టుకుని ఆడే స్టీమ్ డెక్ ఈ పునాది మీదే నిలబడింది. స్టీమ్ ప్రతి నెలా జరిపే సర్వేలో లినక్స్ వాటా 2025 అక్టోబరులో తొలిసారి 3 శాతం దాటింది. వినడానికి ఇది చిన్న అంకె, కానీ దశాబ్దం పాటు ఒక శాతం చుట్టూ తిరిగిన వాటా ఇది.

ఇప్పుడు మీ మూడు ఆటల సంగతి చూద్దాం. కౌంటర్ స్ట్రైక్ 2ను వాల్వ్ స్వయంగా లినక్స్ కోసం విడుదల చేసింది. జీటీఎక్స్ 1650 మీద సెట్టింగులు కొంచెం తగ్గించుకుంటే బాగా ఆడుతుంది. జీటీఏ 5 కథ భాగం ప్రోటాన్‌లో నడుస్తుంది, కానీ 2024 సెప్టెంబరులో ఆన్‌లైన్ భాగానికి బాటిల్ ఐ అనే యాంటీ చీట్‌ను (ఆటలో మోసాలను పట్టే ప్రోగ్రామును) జోడించిన తరువాత లినక్స్ నుండి ఆన్‌లైన్‌లోకి ప్రవేశం లేదు. వాలరెంట్ అసలే నడవదు. దాని వాన్‌గార్డ్ యాంటీ చీట్ విండోస్ కెర్నెల్‌లో, అంటే ఆ వ్యవస్థ గుండెకాయలో, డ్రైవర్‌గా, కంప్యూటర్ ఆన్ అయిన క్షణం నుండి పనిచేస్తుంది. వైన్ గానీ ప్రోటాన్ గానీ కెర్నెల్‌లోకి వెళ్లవు కనుక, అటువంటి డ్రైవర్‌కు అక్కడ చోటే లేదు.

ఈ యాంటీ చీట్ విషయాన్ని కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే లినక్స్ ఆటల భవిష్యత్తు ఇప్పుడు దీనిమీదే ఆధారపడి ఉంది. ఈజీ యాంటీ చీట్, బాటిల్ ఐ రెండూ ప్రోటాన్‌లో పనిచేసే వీలు 2021లోనే కల్పించాయి. ఆ వీలును వాడుకోవాలా వద్దా అన్నది ఒక్కొక్క ఆట తయారీదారు ఇష్టానికి వదిలేశారు. ఈజీ యాంటీ చీట్ యజమాని ఎపిక్ సంస్థే తన ఫోర్ట్‌నైట్‌ను లినక్స్‌లో అనుమతించదు. ఎపెక్స్ లెజెండ్స్ కొన్నేళ్లు అనుమతించి, మోసగాళ్లు ఆ దారిని వాడుకుంటున్నారన్న కారణం చూపి 2024 అక్టోబరు చివర మూసివేసింది. వారి భయంలో అర్థం లేకపోలేదు: లినక్స్‌లో కెర్నెల్‌ను ఎవరైనా తమకు నచ్చినట్టు మార్చి కట్టుకోవచ్చు, అప్పుడు ఏ తనిఖీ ప్రోగ్రామునైనా కింద నుండి ఏమార్చవచ్చు. అయినా మోసాలను పట్టే బాధ్యతను సర్వర్ల వైపు పెంచకుండా ఆటగాడి కంప్యూటర్ లోతుల్లోకి చొచ్చుకుపోవడమే పరిష్కారమని నేను అనుకోను.

జవాబు 2 (ప్రొద్దుటూరు నుండి)

పై సోదరుడు చెప్పినదానితో ఏకీభవిస్తూ, కార్డుల గురించి ఒక మాట చెబుతాను. జీటీ 710 మీద ఆశ పెట్టుకోకండి. అది కెప్లర్ తరం కార్డు. ఎన్విడియా ఆ తరానికి డ్రైవర్లను 470 శ్రేణితోనే ఆపివేసింది, ఆ డ్రైవర్‌లో వల్కన్ 1.3 లేదు, 2022లో వచ్చిన డీఎక్స్‌వీకే 2.0 నుండి మాత్రం వల్కన్ 1.3 తప్పనిసరి. ప్రోటాన్ పాత వెర్షన్లతో పాత ఆటలు కొన్ని నడపవచ్చు, వ్యాపారానికి అది సరిపోదు. ఆ కంప్యూటర్లను దరఖాస్తుల పనికి వదిలేయండి. 1650 కార్డులకు ఆ ఇబ్బంది లేదు. అవి ట్యూరింగ్ తరానివి, కొత్త డ్రైవర్లు వాటికి వస్తూనే ఉన్నాయి. సెకండ్ హ్యాండ్‌లో కార్డు కొనాలనుకుంటే ఏఎండీ ఆర్ఎక్స్ 570, 580 వంటివాటిని చూడండి. వాటి డ్రైవర్లు లినక్స్ కెర్నెల్‌లోనూ, మెసా అనే గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్‌లోనూ ముందే ఉంటాయి, విడిగా ఏదీ వేయనవసరం లేదు. జీటీఎక్స్ 1050, 1060 తక్కువ ధరకు దొరుకుతున్నాయి కానీ ఆ పాస్కల్ తరానికి 580 శ్రేణి డ్రైవరే చివరిది కనుక వాటి జోలికి పోకపోవడం మంచిది.

జవాబు 3 (కడప నుండి)

నేనూ కడపలో ఇటువంటి సెంటరే నడుపుతున్నాను కనుక వ్యాపారం వైపు నుండి మాట్లాడతాను. మిత్రులిద్దరూ చెప్పిన సాంకేతిక విషయాలు సరైనవే. అయితే సాయంత్రం వచ్చే కుర్రవాడు వాలరెంట్ ఉందా అని అడిగి, లేదంటే పక్క వీధికి వెళ్లిపోతాడు. యాంటీ చీట్ ధర్మాధర్మాలు మనం వివరించేదాకా అతడు ఆగడు. అందువల్ల అన్నింటినీ ఒకేసారి లినక్స్‌కు మార్చవద్దని నా సలహా. విండోస్ 11ను అధికారికంగా అంగీకరించే కంప్యూటర్లు రెండు సమకూర్చుకుని వాటిని వాలరెంట్‌కు, జీటీఏ ఆన్‌లైన్‌కు కేటాయించండి. మిగిలినవాటిలో లినక్స్ వేయండి.

దీనికి మరొక కారణం కూడా ఉంది, అది నాకు ఆటలకన్నా ముఖ్యమైనది. మన సెంటర్లలో జనం ఆధార్ నంబర్లు కొడతారు, బ్యాంకు ఓటీపీలు నమోదు చేస్తారు. అదే కంప్యూటర్‌లో కెర్నెల్ స్థాయిలో నడిచే ఆటల సాఫ్ట్‌వేర్‌ను ఉంచడం, లేదా భద్రతా నవీకరణలు ఆగిపోయిన విండోస్‌ను ఉంచడం, మనల్ని నమ్మి వచ్చిన పెద్దవారికి అన్యాయం చేసినట్టే అవుతుంది. ఆటల యంత్రాలను, దరఖాస్తుల యంత్రాలను విడివిడిగా ఉంచండి. దరఖాస్తులవాటిని లినక్స్‌కు మార్చేముందు మీ ప్రింటరు, స్కానరు, డిజిటల్ సంతకం టోకెను పనిచేస్తున్నాయో లేదో పెన్ డ్రైవ్ నుండి లినక్స్ నడిపి సరిచూసుకోండి.

ప్రశ్న అడిగినవారి స్పందన (అనంతపురం నుండి)

ముగ్గురికీ కృతజ్ఞతలు. ముందుగా 1650 ఉన్న రెండు కంప్యూటర్లలో లినక్స్ వేసి చూడాలని నిశ్చయించుకున్నాను. రెండు సందేహాలు మిగిలాయి. ఇప్పటికే డౌన్‌లోడ్ చేసిన ఆటలు విండోస్ డిస్కుల మీద ఉన్నాయి, వాటిని అలాగే వాడుకోవచ్చా? నా ఇంటర్నెట్ ప్లానులో నెలకు డేటా పరిమితి ఉంది, స్టీమ్ ఆ పరిమితిని తినేస్తుందా?

జవాబు 4 (కర్నూలు నుండి)

విండోస్ డిస్కులు ఎన్‌టీఎఫ్ఎస్ అనే ఫైళ్ల అమరిక పద్ధతిలో ఉంటాయి. లినక్స్ వాటిని చదవగలదు, రాయగలదు, కానీ ప్రోటాన్ ప్రతి ఆటకూ సృష్టించే ఫోల్డర్లలోని కొన్ని పేర్లు, లింకులు ఎన్‌టీఎఫ్ఎస్‌కు సరిపడవు. ఆట మొదలవకుండానే ఆగిపోవడానికి చాలాసార్లు ఇదే కారణం. వేరే డిస్కును లినక్స్ వాడే ఈఎక్స్‌టీ4 పద్ధతిలో ఫార్మాట్ చేసి, స్టీమ్‌లో దానిని కొత్త లైబ్రరీగా చేర్చండి. తరువాత విండోస్ డిస్కులోని స్టీమ్‌యాప్స్ ఫోల్డర్ నుండి ఆట ఫోల్డర్‌నూ దాని వివరాలుండే మానిఫెస్ట్ ఫైలునూ కాపీ చేస్తే, స్టీమ్ వాటిని గుర్తించి సరిచూసుకుని, తేడా ఉన్న భాగాన్ని మాత్రమే దించుకుంటుంది. కౌంటర్ స్ట్రైక్ 2కు లినక్స్ ఫైళ్లు వేరుగా ఉన్నందున కొంత ఎక్కువే దిగుతుంది.

డేటా విషయంలో, స్టీమ్ లినక్స్‌లో షేడర్ ఫైళ్లను (దృశ్యాలను గీయడానికి గ్రాఫిక్స్ కార్డుకు ఇచ్చే ఆదేశాలను) ముందుగానే దించి పెట్టుకుంటుంది. ఆట మొదట్లో వచ్చే తడబాటు దీనివల్ల తగ్గుతుంది, కానీ కొన్ని ఆటలకు ఆ ఫైళ్లు పెద్దవిగా ఉంటాయి, తరచుగా మారుతుంటాయి. సెట్టింగులలో డౌన్‌లోడ్స్ కింద దానిని ఆపుకోవచ్చు. ఆపితే మొదటి కొన్ని నిమిషాలు ఆట అక్కడక్కడా ఆగి ఆగి నడుస్తుంది, తరువాత సర్దుకుంటుంది. డౌన్‌లోడ్లకు రాత్రి వేళను కూడా అక్కడే నిర్ణయించవచ్చు. ఒక కంప్యూటర్‌లో దిగిన ఆటను మిగిలినవి మీ సెంటర్ లోపలి నెట్‌వర్క్ ద్వారానే తీసుకునే సదుపాయం కూడా స్టీమ్‌లో ఉంది, దానిని అన్నింటిలో ఆన్ చేయండి. ఇక వ్యక్తిగత స్టీమ్ ఖాతాలతో సెంటర్ నడపడానికి వారి నిబంధనలు ఒప్పుకోవు. సెంటర్ల కోసం వాల్వ్ వేరే కార్యక్రమం నడుపుతోంది. ఆటలను పెద్ద ఎత్తున మార్చేముందు అందులో చేరే విషయం చూసుకోండి.