ఐదేళ్ల హెచ్ఐవీ స్టడీకి ఎవరిని తీసుకోవాలి?

గుంటూరు వైపు ఏఆర్‌టీ మందులు (హెచ్ఐవీని అదుపులో ఉంచేవి) వాడేవాళ్లను ఐదేళ్లు గమనించాలి. పైలట్‌లో 60 మంది లారీ డ్రైవర్లను చేర్చుకుంటే ఆరో నెలకు 23 మందే మిగిలారు. బస్సు చార్జీలిచ్చాం, రెండో ఫోన్ నంబరు తీసుకున్నాం, మందులకొచ్చే రోజే రక్తపరీక్ష పెట్టాం. లాభం లేదు. ఇళ్లకు వెళ్లలేం, తలుపు తడితే వీధంతా తొంగిచూస్తుంది.

ఏడాదిగా మందులు మానకుండా వాడుతున్నవాళ్లనే తీసుకుంటే స్టడీ నిలబడుతుంది. కానీ మధ్యలో మానేసినవాళ్లు, చనిపోయినవాళ్లు ముందే లెక్కలోంచి పోతారు. పైగా 2017కు ముందు చాలామందికి సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) పడిపోయాకే మందులిచ్చేవారు, ఇప్పుడు పాజిటివ్ రాగానే ఇస్తున్నారు. ఇద్దర్నీ కలిపితే పోలికే చెడుతుంది.

ఇలాంటి ఫాలోఅప్ చేసినవాళ్లు చెప్పండి: సగానికి పైగా జారిపోతారని తెలిసీ మందులు కొత్తగా మొదలుపెట్టినవాళ్లనే తీసుకోవాలా, ఏడాది నిలిచినవాళ్లనా?