ఆంధ్ర రాష్ట్రం 1953: ‘ఈ రోజున’ బోర్డుకి తేదీలు ఎలా ఖాయం చేయాలి?

ప్రశ్న:
మా గ్రంథాలయంలో రోజుకొక కార్డు పెడదామనుకుంటున్నాం: 1952 అక్టోబరు నుంచి 1956 నవంబరు దాకా ఆ తేదీన ఏం జరిగిందో. రాష్ట్రావతరణ ఒక పుస్తకంలో అక్టోబరు 1, ఇంకోదాంట్లో నవంబరు 1. పొట్టి శ్రీరాములుగారి దీక్ష ఒకచోట 57 రోజులు, మరోచోట 58. ఏది రాయాలి? ఏమీ దొరకని రోజున ఏం పెట్టాలి?

జవాబు 1:
రెండు తేదీలూ సరైనవేనండీ, రాష్ట్రాలే వేరు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, ముఖ్యమంత్రి ప్రకాశం పంతులుగారు. 1956 నవంబరు 1న తెలంగాణ కలిసి ఆంధ్రప్రదేశ్ అయింది. కార్డు మీద రాష్ట్రం పేరు పూర్తిగా రాయండి, సగం గందరగోళం పోతుంది.

దీక్ష 1952 అక్టోబరు 19న మద్రాసులో బులుసు సాంబమూర్తిగారింట్లో మొదలైంది. ఆయన కన్నుమూసింది డిసెంబరు 15 రాత్రి. అక్టోబరులో 13, నవంబరులో 30, డిసెంబరులో 15, మొత్తం 58. మొదటి రోజును వదిలేసి లెక్కపెడితే 57 వస్తుంది. ‘58వ రోజున’ అని రాస్తే తగాదా ఉండదు.

జవాబు 2:
అసలు చిక్కు క్రియలో ఉంది. నెహ్రూ పార్లమెంటులో ప్రకటించింది 1952 డిసెంబరు 19న. ఆంధ్ర రాష్ట్ర చట్టానికి (1953లో 30వది) రాష్ట్రపతి ఆమోదం సెప్టెంబరు 14న. అమలు అక్టోబరు 1న. మూడు కార్డులు చేసి, ప్రకటించారు, ఆమోదించారు, అమల్లోకి వచ్చింది అని విడివిడిగా రాయండి. ‘ఏర్పడింది’ అన్నది చివరిదానికి మాత్రమే.

హైకోర్టు విషయంలో చట్టం చూసి రాసేవాళ్లు తప్పకుండా పొరబడతారు. ప్రత్యేక హైకోర్టు 1956 జనవరి 1 నుంచి, లేదా రాష్ట్రపతి నిర్ణయించే అంతకుముందు తేదీ నుంచి అని అందులో ఉంది. గుంటూరులో అది నిజంగా మొదలైంది 1954 జూలై 5న. చట్టంలో రాసిన గడువును ఎప్పుడూ జరిగిన తేదీగా తీసుకోవద్దు.

ప్రకాశంగారి మంత్రివర్గం మీద అవిశ్వాసం ఒక్క ఓటు తేడాతో నెగ్గింది 1954 నవంబరు 6న. రాష్ట్రపతి పాలన మాత్రం 15న. ఇవీ రెండు కార్డులే.

జవాబు 3:
ముందు ఒక రిజిస్టరు పెట్టండి: తేదీ, వారం, ఏం జరిగింది, ఎక్కడ చూశారు. వారం గడి తప్పనిసరి. పత్రికలో ‘నిన్న’, ‘సోమవారం’ అని ఉంటుంది, పత్రిక తేదీనే ఎత్తి రాస్తే ఒకరోజు జరిగిపోతుంది. 1953 అక్టోబరు 1 గురువారం, అక్కణ్ణించి లెక్క సరిచూసుకోండి. రెండు ఆధారాలు కుదరకపోతే ఆ కార్డు ఆపేయండి.

ఖాళీ రోజుల గురించి: దీక్ష కాలమంతా ‘దీక్ష 20వ రోజు’ (నవంబరు 7) అన్నట్టు నడపొచ్చు. మిగతా రోజుల్లో తేదీ లేని సమాచారం వేరే రంగు కార్డు మీద పెట్టండి. బళ్లారి జిల్లా నుంచి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు మనకు రావడం, మిగతావి మైసూరుకు పోవడం లాంటివి. వాటిని వార్షికోత్సవంగా చూపొద్దు.

మీ హద్దు దాటినా 1937 నవంబరు 16 వదలకండి, దయచేసి. రాజధాని ఒక ప్రాంతంలో, హైకోర్టు మరో ప్రాంతంలో ఉండాలని ఆనాడు కోస్తా, రాయలసీమ నాయకులు చేసుకున్న శ్రీబాగ్ ఒప్పందం తెలియకపోతే రాజధాని కర్నూలుకీ హైకోర్టు గుంటూరుకీ ఎందుకు వెళ్లాయో చదివేవాళ్లకు అర్థం కాదు.