‘అమార్ పెలోస్ దోయిష్’ గెలిచింది పాట బలంతోనా, సానుభూతితోనా?

ప్రశ్న:
2017 మే 13న ఉక్రెయిన్‌లోని కీవ్ నగరంలో ముగిసిన, ప్రధానంగా ఐరోపా దేశాలు తలపడే యూరోవిజన్ పాటల పోటీలో పోర్చుగల్ తరఫున సాల్వదోర్ సొబ్రాల్ పాడిన ‘అమార్ పెలోస్ దోయిష్’ విజేతగా నిలిచింది. ‘ఇద్దరి తరఫునా ప్రేమించడం’ అని ఆ పేరుకు అర్థం. వేదికపై నర్తకులు లేరు, హంగులు లేవు, ఓటు వేసినవారిలో చాలామందికి పాటలోని పోర్చుగీసు భాషే తెలియదు. గాయకుడికి గుండెజబ్బు ఉందన్న మాట అప్పటికే ప్రచారంలో ఉండటం వల్ల సానుభూతే ఆయనను గెలిపించిందని నా మిత్రులు గట్టిగా వాదిస్తున్నారు. ఆ మాట నాకు మింగుడు పడటం లేదు గానీ, ఎదురు చెప్పడానికి తగిన కారణం తోచడం లేదు. తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1:
అంకెలు చూడండి. సంగీత రంగానికి చెందినవారు ఉండే జ్యూరీల నుంచి 382, ప్రేక్షకుల నుంచి 376, మొత్తం 758 పాయింట్లు వచ్చాయి. రెండో స్థానంలోని బల్గేరియాకు వచ్చినవి 615. రెండు లెక్కల్లోనూ ఈ పాటదే మొదటి స్థానం. పోర్చుగల్ 1964 నుంచి పోటీ పడుతున్నా, అంతకుముందు దాని అత్యుత్తమ స్థానం 1996లో దక్కిన ఆరవదే కాబట్టి, అలవాటుగా పడిన ఓట్లని అనడానికీ వీల్లేదు.

జవాబు 2:
పై జవాబులో చెప్పినది నిజమే గానీ, అసలు బలం పాట కట్టుబడిలో ఉంది. మన పరిభాషలో చెప్పాలంటే అది తిస్రంలో, మూడు మాత్రల నడకతో సాగుతుంది. పియానో, తీగవాద్యాలు గొంతును మోస్తాయే తప్ప మించవు. వాద్యసంగీతం ముందే రికార్డు చేసినదైనా, ప్రధాన గాత్రం అక్కడికక్కడే పాడాలన్నది నియమం. జాజ్ అభ్యసించిన సాల్వదోర్ ఆ వెసులుబాటును పూర్తిగా వాడుకుని, కొన్ని మాటలను తాళం కంటే ఒక క్షణం వెనుకగా, దాదాపు గుసగుసగా వదిలి, వేళ్ళతో గాలిలో స్వరాలను తడుముతున్నట్టుగా పాడారు.

సాహిత్యమూ గమనించండి. విడిపోయిన మనిషిని తిరిగి రమ్మని వేడుకుంటూనే, ప్రేమ ఒంటరిగా సాగదని ఒప్పుకుని, నెమ్మదిగా మళ్ళీ నేర్చుకోవచ్చునేమోనని ఆశపడతాడు. అక్కడ వాడిన ‘దెవగారిన్యు’ అనే మాట ‘నెమ్మదిగా’ అన్నదానికి ముద్దు రూపం, మనం ‘మెల్లమెల్లగా’ అని బుజ్జగించినట్టు. ఆ హృదయం కరగకపోతే తన హృదయమే ఇద్దరి కోసమూ ప్రేమిస్తుందంటాడు. నాకు తెలిసిన ప్రేమగీతాల్లో ఇంత నిబ్బరంగా ఓటమిని అంగీకరించినది మరొకటి లేదు.

ప్రశ్న అడిగినవారు:
కృతజ్ఞతలు. ‘మెల్లమెల్లగా’ అన్న పోలికతో ఆ చరణం నాకు కొత్తగా వినిపించింది. రచన ఎవరిది?

జవాబు 3:
మాటలూ బాణీ సాల్వదోర్ అక్క లుయీసా సొబ్రాల్‌వి. అనారోగ్యం వల్ల ఆయన రాలేకపోయిన తొలి రిహార్సల్స్‌లో తమ్ముడి స్థానంలో ఆమే నిలబడి పాడారు. ఆయనకు గుండె మార్పిడి జరిగింది ఆ డిసెంబరులో, అంటే గెలుపు తరువాతనే. ఫలితం ప్రకటించాక అక్కాతమ్ముళ్ళు కలిసి పాడిన వీడియో మీ మిత్రులకు చూపించండి. తమ్ముడు ఆగిన చోట అక్క అందుకోవడం, ఆమె పాడుతుండగా ఆయన కేవలం వింటూ నిలబడటం అందులో కనిపిస్తాయి.