గీజర్‌కి ఏటా సర్వీసింగ్ అవసరమా, పాడైనప్పుడు చూసుకుంటే చాలదా?

ప్రశ్న (నిజాంపేట నుంచి):
భోగి రోజు తెల్లవారుజామున మా గీజర్ మొండికేసింది. స్విచ్ వేస్తే చాలు, ఇంట్లో కరెంటంతా పోతోంది. ఇంటినిండా చుట్టాలు, తలంటు పోయాల్సిన పిల్లలు నలుగురు. స్టవ్ మీద గిన్నెలు మార్చీ మార్చీ నా నడుం పడిపోయింది. పండగ పూట మెకానిక్ దొరకడమే గగనమైంది. దొరికినాయన ఎలిమెంట్ మార్చి 2,800 తీసుకున్నాడు. ఇప్పుడు ఏడాదికి 1,800 కట్టి ఏఎంసీ (ఏడాది సర్వీసింగ్ ఒప్పందం) తీసుకోమంటున్నాడు. గీజర్ 25 లీటర్లది, కొని ఆరేళ్లయింది. మాకు బోరు నీళ్లు, వేసవిలో ట్యాంకరు. మా వారేమో "మళ్లీ పాడైతే చూద్దాంలే" అంటున్నారు. గిన్నెలు మోసింది ఆయన కాదుగా!

జవాబు (మియాపూర్ నుంచి):
మాదీ బోరు నీళ్లేనండి. ముందు మీ షవర్ చూడండి, తెల్లగా గార కట్టిందేమో. గీజర్ లోపల ఇంకా ఎక్కువే ఉంటుంది, ఎందుకంటే నీళ్లు వేడెక్కినప్పుడే ఆ సున్నం విడిపోయి ఎలిమెంట్‌కి అంటుకుంటుంది. ఆ గార అడ్డుపడి, ఎలిమెంట్ వేడి నీళ్లకు అందక అది తనే మాడి పగులుతుంది. పగుల్లోంచి నీళ్లు చేరితే కరెంటు లీకవుతుంది. మీ ఇంట్లో కరెంటు పోయిందంటే ఈఎల్‌సీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) మిమ్మల్ని కాపాడిందన్నమాట.

ఒక్క మాట. ఎలిమెంట్ మార్చడానికి ట్యాంకు విప్పాడు కదా, దాని పక్కన ఉండే మెగ్నీషియం కడ్డీ మీకు చూపించాడా? తుప్పు ట్యాంకును తినకుండా ముందు తనను తినేలా పెట్టిన కడ్డీ అది. మా గీజర్ నాలుగో ఏట విప్పిస్తే అది అగరుబత్తి పుల్లంత మిగిలింది. అది అరిగిపోతే ఇక ట్యాంకు వంతే. ట్యాంకు కారిందంటే పాత సామాన్లవాడికి వేయడమే.

ఏఎంసీ కాగితంలో ట్యాంకు విప్పి గార తీస్తామని రాసి ఉంటేనే కట్టండి. మా పక్క ఫ్లాట్‌లో పైపైన గుడ్డతో తుడిచి సంతకం పెట్టించుకుని పోయారు! నేనైతే ఏఎంసీ జోలికి పోను. దసరా అవగానే పిలిచి, ఎదురుగా నిలబడి విప్పిస్తాను. చలి మొదలైతే ఎవరూ దొరకరు. థర్మోస్టాట్ కూడా 60 డిగ్రీలు దాటించకండి. సలసలా కాచి చన్నీళ్లు కలుపుకోవడం దేనికి?

జవాబు (మలక్‌పేట నుంచి):
ఊరికే టెన్షన్ పెట్టకండి. మాది పదకొండేళ్ల గీజర్, ఒక్కసారీ విప్పలేదు. నల్లా నీళ్లు.

జవాబు (మియాపూర్ నుంచి):
ఆ చివరి రెండు మాటల్లోనే ఉందండి అంతా.

జవాబు (ఎలక్ట్రీషియన్‌ని, ఉప్పల్ నుంచి):
చన్నీళ్ల పైపు దగ్గర ఉండే సేఫ్టీ వాల్వ్ కూడా చూపించుకోండి. వేడెక్కేటప్పుడు అందులోంచి చుక్కలు పడటం మామూలే, నీళ్లు ఉబ్బినప్పుడు ఒత్తిడి వదిలేది అదే. బాత్‌రూం తడుస్తోందని ఎం-సీల్ పెట్టి మూసేసిన ఇళ్లు చూశాను. అలా మూస్తే ట్యాంకే పగలొచ్చు. ఈఎల్‌సీబీ మీదున్న టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కి చూడండి, దానికి పైసా ఖర్చు లేదు.

ప్రశ్న అడిగినావిడ:
షవర్‌లో సగం రంధ్రాలు మూసుకుపోయాయండి. తీసేసిన ఎలిమెంట్ మా వారు దాచారు, సున్నం డబ్బాలో ముంచి తీసినట్టుంది. కడ్డీ సంగతి మెకానిక్‌ని అడిగితే "మీ మోడల్‌లో ఉండదమ్మా" అన్నాడు. "మరి మాన్యువల్‌లో బొమ్మ ఉందే?" అన్నాను. ఆదివారం వస్తానన్నాడు.