ఫోన్ వీడియోను డీవీడీగా మారిస్తే బొమ్మ గెంతుతోంది, మధ్యలో ఆగుతోంది

ప్రశ్న – కొర్లగుంట, తిరుపతి
నమస్కారం. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో మా పిల్లలు వేషం కట్టినప్పుడు ఫోన్‌లో తీసిన యాభై నిమిషాల వీడియోను, పలమనేరు దగ్గరి పల్లెలో ఉంటున్న మా అమ్మమ్మ తన పాత డీవీడీ ప్లేయర్‌లో చూసుకోవాలని డిస్క్‌కు ఎక్కించాను. కంప్యూటర్‌లో అసలు ఫైలు చక్కగా ఆడుతోంది. డిస్క్‌లో మాత్రం డప్పుల వాళ్లు అడుగులు వేసేటప్పుడు, నేను ఫోన్‌ను పక్కకు తిప్పినప్పుడు బొమ్మ గెంతుతోంది. పైగా అప్పుడప్పుడు అర సెకను ఆగి మళ్లీ కదులుతోంది. నాణ్యత తగ్గకూడదని వీడియో బిట్‌రేటును, అంటే సెకనుకు వాడే డేటాను, 9.5 మెగాబిట్లకు పెట్టి, ధ్వనిని కుదించకుండా పీసీఎంలోనే ఉంచాను. మన టీవీల పాల్ పద్ధతి, సెకనుకు 25 ఫ్రేములు ఎంచుకున్నాను. ఇప్పటికే నాలుగు డిస్కులు వృథా అయ్యాయి. లోపం డిస్కులదా, ప్లేయర్‌దా, నాదా?

జవాబు – చిత్తూరు, పెళ్లి వీడియోల ఎడిటింగ్
మీరు ఒకే సమస్యగా రాశారు గానీ, గెంతడం వేరు, ఆగడం వేరు. ఇకపై డిస్క్ రాయడానికి ముందే, డిస్క్ కోసం తయారైన వీడియో టీఎస్ ఫోల్డర్‌ను కంప్యూటర్‌లో వీఎల్‌సీ అనే సాఫ్ట్‌వేర్‌తో తెరిచి చూడండి. అక్కడ కూడా కనిపించే లోపం మార్పిడిలో వచ్చినది; ప్లేయర్‌లో మాత్రమే కనిపించేది బిట్‌రేటు వల్లనో, డిస్క్ రాసిన తీరు వల్లనో వచ్చినది.
ఆగడానికి కారణం మీ అంకెల్లోనే ఉందని నా అనుమానం. డీవీడీలో వీడియో ఒక్కటే 9.8 మెగాబిట్ల దాకా ఉండవచ్చు గానీ, ధ్వనితో సహా అన్నీ కలిపి 10.08 దాటకూడదు. కుదించని స్టీరియో పీసీఎం ఒక్కటే 1.5 మెగాబిట్లు తీసుకుంటుంది కాబట్టి మీది 11కు చేరింది. కంప్యూటర్ ఆ భారాన్ని మోస్తుంది, పాత ప్లేయర్ మోయలేదు. ధ్వనిని ఏసీ-3 అనే కుదించే పద్ధతిలో 48 కిలోహెర్ట్జ్, 192 కిలోబిట్లకు, వీడియోను 7 మెగాబిట్లకు తగ్గించి, డిస్క్‌ను 4ఎక్స్ వేగంతో రాయండి. పాల్ డీవీడీ బొమ్మ పరిమాణం 720×576 మాత్రమే. అందులో 7కూ 9.5కూ తేడా మీ అమ్మమ్మగారికే కాదు, నాకూ తెలియదు.

జవాబు – మదనపల్లె
గెంతడం గురించి నేను చెబుతాను. ఫోన్ సుమారు 30 ఫ్రేములతో తీసిన దాన్ని 25కు దించితే ప్రతి ఆరు ఫ్రేముల్లో ఒకటి పోతుంది. మనిషి నిలబడి మాట్లాడుతుంటే ఇది కంటికి ఆనదు గానీ, పక్కకు తిప్పిన దృశ్యాల్లో వెంటనే పట్టుబడుతుంది. దీనికి తోడు, వెలుగు తక్కువైనప్పుడు చాలా ఫోన్లు ఫ్రేముల వేగాన్ని తమంతట తామే తగ్గించుకుంటాయి. ముందుగా హ్యాండ్‌బ్రేక్ అనే మార్పిడి సాఫ్ట్‌వేర్‌లో స్థిరమైన ఫ్రేమ్‌రేటు ఎంచుకుని 29.97కు మార్చి, తర్వాత ఆ ఫైలుతో ఎన్‌టీఎస్‌సీ (సెకనుకు 29.97 ఫ్రేముల టీవీ పద్ధతి) డీవీడీ, అంటే 720×480 తయారు చేయండి. మన దగ్గర అమ్మిన ప్లేయర్లలో ఎక్కువ భాగం రెండు పద్ధతులనూ ఆడిస్తాయి. ముందు రీరైటబుల్ డిస్క్ మీద రాసి చూస్తే ఖర్చు తగ్గుతుంది.

జవాబు – చిత్తూరు, పెళ్లి వీడియోల ఎడిటింగ్
ఎన్‌టీఎస్‌సీ సలహా ఈ వీడియోకు సరైనదే. మేము 1080ఐ 50లో (సెకనుకు 50 ఫీల్డులతో, అంటే సగం ఫ్రేములతో) తీసే క్యామ్‌కార్డర్ ఫైళ్లకు మాత్రం పాల్ ఉండాల్సిందే. వాటిలో ఫీల్డ్ క్రమం తారుమారైనా ఇలాగే గెంతుతుంది. రీరైటబుల్ డిస్కులు కాంతిని తక్కువగా ప్రతిఫలిస్తాయి కాబట్టి పాత ప్లేయర్ దాన్ని చదవకపోతే కంగారుపడకండి, మామూలు డీవీడీ-ఆర్ మీద రాయండి.

ప్రశ్న అడిగినవారు
ఇద్దరికీ కృతజ్ఞతలు. పాత ఫోల్డర్‌ను వీఎల్‌సీలో తెరిస్తే గెంతింది గానీ ఎక్కడా ఆగలేదు. మీరిద్దరూ చెప్పినట్లు మార్చి, కొత్త డిస్క్‌ను ఆదివారం పలమనేరు తీసుకువెళ్లి వేశాను. ఆగడం పూర్తిగా పోయింది, డప్పుల దగ్గర గెంతడమూ లేదు. చీకటి పడ్డాక తీసిన రెండు మూడు నిమిషాలు ఇంకా కొద్దిగా అదురుతున్నాయి. ఇంటికి వచ్చి జాగ్రత్తగా చూస్తే అది అసలు ఫైలులోనే ఉంది.