కాస్ట్ ఐరన్ బుల్లెట్‌తో చాపర్: చాసిస్ కొయ్యక ముందు తేల్చుకోవాల్సినవి

శ్రీను_బెజవాడ
నలుగురం కలిసి ఒక చాపర్ (చాసిస్ కోసి, ముందు ఫోర్కు పొడుగు చేసిన బండి) కడదామనుకుంటున్నాం. చేతిలో ఉన్నది 1984 మోడల్ కాస్ట్ ఐరన్ బుల్లెట్ 350. ఇంజను తిరుగుతోంది, మడ్‌గార్డులు తుప్పు పట్టిపోయాయి, ఆర్‌సీ ఉంది. వెనక షాకబ్జార్బర్లు తీసేసి హార్డ్‌టెయిల్, ముందు పొడుగు ఫోర్కు, ఎత్తు హ్యాండిల్, సింగిల్ సీటు అనుకుంటున్నాం. ఫోర్కు రాడ్లకి ముక్కలు అతికించి పొడుగు చేస్తే చాలని మా ఫ్యాబ్రికేటర్ అంటున్నాడు. మొదట ఏది చూసుకోవాలి?

లేత్_ఆటోనగర్
ముక్కలు అతికించడానికి మాత్రం ఒప్పుకోవద్దు తమ్ముడూ. ఫోర్కు రాడ్డు మీద వంపు బలం అన్నిటికన్నా ఎక్కువ పడేది కింది 'టీ' (రెండు రాడ్లనీ కలిపి పట్టే బిగింపు) దగ్గర. మరమేసి బిగించిన అతుకు సరిగ్గా ఆ చుట్టుపక్కలే వస్తుంది. గుంతలో పడ్డ ప్రతిసారీ ఆ మర మొదట్లో పగులు కొంచెం కొంచెం పెరుగుతుంది, బయటికి కనబడదు. పొడుగు కావాలంటే ఒకే రాడ్డుగా, హార్డ్ క్రోమ్ వేసి, గ్రైండింగ్ చేయించుకోవాలి. లోపల స్ప్రింగుకి స్పేసర్ వేయాలి. ఆయిల్‌ని ఎంఎల్ లెక్కన కాదు, రెండు కాళ్లలో ఎత్తు కొలిచి సమంగా పోయాలి.

దానికన్నా ముందు తేలాల్సింది ట్రెయిల్. హ్యాండిల్ తిరిగే ఇరుసు గీత నేలను తాకే చోటు, చక్రం నేలను తాకే చోటు, ఈ రెండింటి మధ్య దూరమే అది. లెక్క ఇదీ: చక్రం వ్యాసార్ధాన్ని నెక్ కోణం (ఆ ఇరుసు గీత నిలువు నుంచి ఎంత వాలిందో అది) సైన్‌తో గుణించి, అందులోంచి ఆఫ్‌సెట్ (ఆ గీత కన్నా చక్రం ఇరుసు ఎంత ముందుందో ఆ దూరం) తీసేసి, వచ్చినదాన్ని అదే కోణం కొసైన్‌తో భాగించాలి.

ఉదాహరణకి వ్యాసార్ధం 320 మి.మీ., నెక్ 27 డిగ్రీలు, ఆఫ్‌సెట్ 60 మి.మీ. అనుకుందాం. ట్రెయిల్ సుమారు 96 మి.మీ. నెక్ కోసి 38 డిగ్రీలకి వంచి అవే 'టీ'లు ఉంచితే అది 174కి పోతుంది. నెమ్మదిగా పోతూ యూ టర్న్ తిప్పితే హ్యాండిల్ దానంతటదే ఒక పక్కకి వాలిపోతుంది, ఆపడానికి భుజాలు లాగేస్తాయి. అదే 38 డిగ్రీలకి 3 డిగ్రీల వాలు 'టీ'లు (ఫోర్కుని నెక్ కన్నా ఇంకా అంత ముందుకి వాల్చేవి), 800 మి.మీ. ఫోర్కు పెడితే 120 దగ్గరికి దిగుతుంది. అది బాగుంటుంది.

ఇక అన్నిటికన్నా ప్రమాదకరమైంది చెబుతా. నెక్ ముట్టుకోకుండా 27 డిగ్రీల మీదే 5 డిగ్రీల వాలు 'టీ'లు బిగిస్తే చూడ్డానికి చాపర్‌లాగే ఉంటుంది, కానీ ట్రెయిల్ 30 మి.మీ. లోపుకి పడిపోతుంది. నెమ్మదిగా పోయేటప్పుడు చెయ్యి తేలిగ్గా ఉందని సంబరపడతారు. వేగం అందుకున్నాక హ్యాండిల్ కొట్టుకోవడం మొదలైతే ఆగదు. 100 నుంచి 125 మధ్య ఉండేలా కాగితం మీద తేల్చుకుని, తర్వాతే రంపం పట్టండి. కోణాలు మీ బండివే కొలవండి, నా అంకెలు ఉదాహరణకే.

కాగితాలు_ముందు
లేత్ అన్న చెప్పింది నిజం. కానీ అంతకన్నా ముందు ఆర్‌సీ. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకీ ఆర్‌సీలో ఉన్నవాటికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఎ(4) కింద ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. నెక్ కోయడం, హార్డ్‌టెయిల్ అతికించడం చాసిస్ మార్పే. బండికి 15 ఏళ్లు దాటాయి కాబట్టి ఐదేళ్లకోసారి రెన్యువల్‌కి ఆర్టీవో ముందు నిలబెట్టాలి. అక్కడ దాచలేరు.

శ్రీను గారూ, ఇంకోటి. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న బండికి 'వీఏ' సిరీస్ నంబరు తీసుకోవచ్చు. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000, పదేళ్లకి చెల్లుతుంది, తర్వాత రెన్యువల్‌కి 5,000. రోజువారీ తిరగడానికి కాదు, ప్రదర్శనలకీ ర్యాలీలకీ. మీ బండి 2034లో ఆ గీత దాటుతుంది. ఇవాళ చాసిస్ కోస్తే ఆ దారి మూసుకుపోతుంది.

డాలస్_ప్యాన్‌హెడ్
ఇక్కడ అమెరికాలో ఈ సంస్కృతి ఎలా పుట్టిందో చూస్తే కాగితాలు_ముందు గారి మాట ఇంకా అర్థమవుతుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కుర్రాళ్లు ముందు మడ్‌గార్డు పీకి, వెనకది సగానికి కోసి బరువు తగ్గించుకున్నారు. అవి బాబర్లు. పొడుగు ఫోర్కులు 1960ల్లో ఊపందుకున్నాయి. 1969 నాటి 'ఈజీ రైడర్' సినిమాలో బళ్ల వెనక ఉన్నది క్లిఫ్ వాస్ (Vaughs), బెన్ హార్డీ అనే ఇద్దరు నల్లజాతి బిల్డర్లు. చాలాకాలం వాళ్లకి దక్కాల్సిన పేరు దక్కలేదు. వాళ్లు తీసుకున్నవి పోలీసు శాఖ వాడి వదిలేసిన హార్లేలు. దొరకని బండిని కాదు, ఎవరికీ అక్కర్లేనిదాన్ని కోశారు. నేను చాపర్లంటే పడిచచ్చేవాణ్ణే, అయినా ఆర్‌సీ ఉన్న బుల్లెట్‌ని కొయ్యమని చెప్పలేను.

పాతబండి_వరంగల్
నేనూ అదే అంటా. మద్రాసులో 1955లో బుల్లెట్ అమర్చడం మొదలైంది. 70 మి.మీ. బోరు, 90 మి.మీ. స్ట్రోకు, 346 సీసీ, ఈ లెక్క దశాబ్దాలు మారలే. కాస్ట్ ఐరన్ ఇంజను ఇప్పుడు తయారైతలేదు, ఉన్నవి తగ్గుడే తప్ప పెరుగుడు లేదు. మైసూరు జావాలైనా, 1996లో ఆగిన యెజ్డీలైనా ఇదే సంగతి. ఏక్ నంబర్ చాసిస్ కోసినంక మళ్లీ రాదు.

రెండు పనులు విడదీయుండ్రి. రోడ్డు మీదికి 1984 బండిని బోల్టులతోని వచ్చి బోల్టులతోనే పోయే మార్పులు చేసి బాబర్ లెక్క పెట్టుకోండి, తీసినవన్నీ డబ్బాల దాచుండ్రి. అది కూడా ఆర్‌సీల సీట్ల సంఖ్య చూసుకొనే. హార్డ్‌టెయిల్ సరదా ప్రదర్శన బండి మీద, ప్రైవేటు జాగల తీర్చుకోండి.

శ్రీను_బెజవాడ
సరే అన్నా, అలాగే అనుకుంటున్నాం. ప్రదర్శన బండికి హార్డ్‌టెయిల్ ఎలా అతికించాలి? నీళ్ల పైపు వాడొచ్చా?

లేత్_ఆటోనగర్
జీఐ పైపు వద్దే వద్దు. జింకు పూత వెల్డింగ్‌లో పొగై ఊపిరితిత్తులకి పోతుంది, అతుకులో బుడగలు మిగులుతాయి. సీమ్‌లెస్ ట్యూబ్, బయటి వ్యాసం 28 మి.మీ., గోడ మందం 3 మి.మీ. తీసుకోండి. పాత ట్యూబులోకి బిగుతుగా దిగే గట్టి ముక్క 80 మి.మీ. పొడుగు తిప్పించి, అటు 40 ఇటు 40 లోపలికి పంపాలి. ఒక్కో పక్క 8 మి.మీ. కన్నాలు రెండు వేసి వాటిని వెల్డ్‌తో నింపాలి, తర్వాత చుట్టూ వెల్డింగ్.

కోయక ముందే చాసిస్‌కి అడ్డంగా యాంగిల్ కడ్డీలు ట్యాక్ (చుక్క వెల్డింగ్) చేసి బిగబట్టండి. ఒకేసారి చుట్టూ లాగొద్దు. 25 మి.మీ. ఒక పక్క, 25 ఎదురు పక్క, ఆగి చల్లారనివ్వాలి. నీళ్లు పోసి చల్లార్చొద్దు, పెళుసుబారుతుంది. ఎక్కడైనా ఇత్తడి బ్రేజింగ్ కనబడితే దాని మీద వెల్డ్ పెట్టొద్దు, రెండూ కలవవు. బ్యాటరీ తీసేసి, ఎర్తు క్లాంపు వెల్డ్ పక్కనే పెట్టాలి. బేరింగుల గుండా కరెంటు పోతే గుండ్ల మీద గుంటలు పడతాయి.

మడ్‌గార్డు చక్రానికి దగ్గరగా కావాలంటారు కదా, 20 మి.మీ. చాలు. కానీ చక్రం స్లాటులో పూర్తిగా ముందుకీ, పూర్తిగా వెనక్కీ జరిపి రెండు చోట్లా చూడండి. కొత్త చైనుకి సరిపోయింది, సాగాక రాసుకుంటుంది.

వైరింగ్_విశాఖ
ముందు పక్క ఒక చిక్కు ఎవరూ చెప్పలేదు. బుల్లెట్ హెడ్‌లైటు డోము ఉత్త మూత కాదు, ఫోర్కు రాడ్ల పైకొసలు దానికే బిగుస్తాయి. పై 'టీ' కూడా అదే. అది తీస్తే కొత్త పై 'టీ' తిప్పించాలి, అమ్మీటరుకి (బ్యాటరీ కరెంటు చూపే మీటరు) వేరే చోటు చూడాలి. ఎత్తు హ్యాండిల్‌కి కేబుళ్లు నాలుగు: క్లచ్, బ్రేకు, యాక్సిలరేటరు, డీకంప్రెషన్ (కిక్కు తేలికయ్యేలా సిలిండరు ఒత్తిడి వదిలేది). హ్యాండిల్‌ని రెండు కొసలకీ తిప్పి చూశాకే పొడుగు ఖాయం చెయ్యండి. తిప్పితే ఆర్‌పీఎం పెరిగిందంటే యాక్సిలరేటరు కేబుల్ చాలలేదని.

హార్డ్‌టెయిల్‌లో వైబ్రేషన్ అంతా వైరింగుకే. టెర్మినళ్లు క్రింప్ చెయ్యండి, టంకం వేస్తే సరిగ్గా దాని పక్కన తీగ విరుగుతుంది. ఎర్తు కోసం చాసిస్‌ని నమ్మొద్దు, రంగు అడ్డం వస్తుంది. బ్యాటరీ నుంచి ఇంజను బోల్టుకి నేరుగా తీగ లాగండి. ముందు బ్రేకు తీయాలనే ఆలోచన వద్దు.

శ్రీను_బెజవాడ
అమ్మీటరు లేకపోతే ఏం? ఎటూ సింపుల్‌గా పెడదామని.

పాతబండి_వరంగల్
ఉంచుండ్రి. పాయింట్ల (స్పార్కు కోసం తెరుసుకుని మూసుకునే కాంటాక్టుల) ఇంజనుకు కిక్కు కొట్టే ముందట కళ్లు ఆ ముల్లు మీదనే ఉండాలె. ఇగ్నిషన్ వేసి కిక్కు మెల్లగ తొక్కుతుంటే ముల్లు మైనస్ వైపు పోతది, కంప్రెషన్ మీద పాయింట్లు తెరుసుకున్నప్పుడు నడుమకు వస్తది. అప్పుడు డీకంప్రెషన్ లివర్ పట్టి కొంచెం ముందుకు దాటియ్యాలె, వదిలిపెట్టాలె, కిక్కు పైకి రానియ్యాలె, ఒక్కటే నిండు తొక్కుడు. ఇది తప్పితే ఎదురు కొడతది, మడమ పోతది. పాయింట్ల గ్యాపు 0.35 నుంచి 0.40 మి.మీ. మధ్యల పెట్టుండ్రి. ట్యాపెట్లు చల్లటి ఇంజను మీద చూడాలె: పుష్‌రాడ్ వేళ్లతోని తిరగాలె, పైకి కిందికి ఆడొద్దు.

ఇంకొకటి, పాత బుల్లెట్‌ల చాలా మరలు బ్రిటిష్ కొలతలయి. చేతికి దొరికిన ఎంఎం బోల్టు ఎక్కిస్తే రెండు చుట్లు పోయి ఇంజను కేసు మర పాడైతది. పిచ్ గేజ్ (మర రకం చూసే పనిముట్టు) ఒకటి కొనుండ్రి, తీసిన ప్రతి బోల్టు సంచిల వేసి పేరు రాయుండ్రి. నలుగురు కలిసి విప్పేకాడ మొదలు మాయమయ్యేటివి అవే.

లేత్_ఆటోనగర్
రంగు చివరికి. సీటు, ట్యాంకు, చైన్‌గార్డు, నంబరు ప్లేటు బ్రాకెట్టు దాకా అన్నీ బిగించి, నడిపి, మళ్లీ విప్పాకే పౌడర్ కోటింగ్‌కి పంపండి. ఆ విప్పినప్పుడే ప్రతి వెల్డూ డై పెనెట్రెంట్ (పగుళ్లలోకి ఇంకి వాటిని చూపే ఎర్ర రంగు) కొట్టి చూడండి. ఎర్ర గీత కనబడితే ఆ అతుకంతా గ్రైండ్ చేసి మళ్లీ వెయ్యాలి, పైన ఇంకో పూత లాగితే సరిపోదు.